చైనా వైద్యాన్ని విడదీసి చూస్తే

నోట్లో పూత వచ్చినా, కళ్లు మండుతున్నా, మొహం మీద గడ్డ లేచినా మన ఇళ్లలో వినిపించే మొదటి మాట "వేడి చేసింది". మామిడిపళ్లు ఎక్కువ తిన్నావు, రెండు రోజులు మజ్జిగ తాగు, సబ్జా గింజలు నానబెట్టుకో అంటారు. దక్షిణ చైనాలోని గ్వాంగ్జౌలో ఎవరికైనా ఇదే బాధ వస్తే అక్కడి అమ్మమ్మ కూడా దాదాపు ఈ మాటే అంటుంది. చైనా భాషలో దాన్ని "షాంగ్ హువో" అంటారు, అంటే మంట పైకెక్కింది అని. మామిడిపళ్ల బదులు లిచీ పళ్ల మీద నేరం మోపుతారు. మజ్జిగ బదులు "ల్యాంగ్ ఛా" అనే చేదు మూలికల కషాయం తాగిస్తారు. థర్మామీటర్ పెట్టి చూస్తే జ్వరం ఉండదు. అయినా ఆ మాట అన్న అమ్మమ్మకీ, విన్న మనవడికీ అదేమిటో బాగా తెలుసు.

చైనా సంప్రదాయ వైద్యంలోకి వెళ్లడానికి తెలుగువాళ్లకి ఇంతకంటే దగ్గరి దారి లేదు. లోపల ఏం జరుగుతోందో కోసి చూడకుండా, బయట కనిపించే నాలుగైదు గుర్తులని ఒకచోట చేర్చి వాటికి ఒక పేరు పెట్టడం, ఆ పేరుకి తగ్గ తిండీ మందూ చెప్పడం. ఈ పనిని రెండు వేల ఏళ్లకి పైగా రాతలో పెట్టి, వాదించుకుని, సవరించుకుంటూ వచ్చిన సంప్రదాయం అది.

ఈ వైద్యం ప్రస్తావన వస్తే ఎక్కువమంది అడిగేది "అది నిజంగా పనిచేస్తుందా?" అని. దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు, ఎందుకంటే ఆ పేరు కింద మూడు వేరువేరు సంగతులున్నాయి. శరీరం గురించి మాట్లాడుకునే ఒక భాష ఉంది. మందులు కలపడం, సూది గుచ్చడం లాంటి పనితనం ఉంది. ఇవాళ మనం చూస్తున్న కాలేజీలు, ఆసుపత్రులతో కూడిన వ్యవస్థ ఉంది, అది పుట్టి వందేళ్లు కూడా కాలేదు. ఈ మూడింటికీ కలిపి మార్కులు వేయడం వల్లే ఇటు గుడ్డి నమ్మకం, అటు పూర్తి తిరస్కారం పుడుతున్నాయని నా అభిప్రాయం.

అన్నం గిన్నె మీది ఆవిరి

ముందు భాష సంగతి. ఈ వైద్యంలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట "చి". ఆ అక్షరాన్ని పాత పద్ధతిలో రాస్తే ఆవిరి గుర్తు, దాని కింద బియ్యం గుర్తు ఉంటాయి. అన్నం ఉడుకుతున్నప్పుడు గిన్నె మూతని టపటపలాడించే ఆవిరిని గుర్తు తెచ్చుకోండి. చేతికి చిక్కదు, కానీ మూతని లేపేంత బలముంది. దాని పుట్టుక తిండిలోనే ఉంది. ఊపిరి, చురుకు, అరుగుదల, రోగాన్ని తట్టుకునే శక్తి అన్నిటినీ ఆ ఒక్క మాటతోనే చెప్పుకున్నారు. దీన్ని "ఎనర్జీ" అని పాశ్చాత్య పాఠకులకి బాగా అలవాటు చేసినవాడు జార్జ్ సూలియే ద మొరాఁ అనే ఫ్రెంచి దౌత్యాధికారి, 1930ల కాలంలో. ఒంట్లో చి పారే నాళాలకి "మెరిడియన్" అనే మాట కూడా ఆయన వల్లే వ్యాపించింది. ఆ అనువాదంతోనే చాలా గందరగోళం మొదలైంది. ఎనర్జీ అనగానే కరెంటులా మీటరు పెట్టి కొలవాల్సినదేమో అనుకుంటాం. అలా కొలిచి చూపించినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు.

యిన్, యాంగ్ అనే మాటలకి మొదటి అర్థాలు ఇంకా తేలిక. కొండకి నీడపట్టు యిన్, ఎండపట్టు యాంగ్. పొద్దు తిరిగేకొద్దీ నీడపట్టు ఎండపట్టు అవుతుంది, కొండ మాత్రం అదే. చల్లదనం, తేమ, విశ్రాంతి ఒక పక్క. వేడి, కదలిక, మెలకువ ఇంకో పక్క. రెంటిలో ఒకటి మితిమీరితే ఇంకోటి తగ్గుతుంది, దాన్నే రోగమన్నారు.

ఐదు మూలకాల సిద్ధాంతం మన పంచభూతాల్లా అనిపిస్తుంది కానీ వేరు. చెట్టు, మంట, మట్టి, లోహం, నీరు. ఆకాశం లేదు, గాలి లేదు. పైగా "వూ శింగ్" అనే మాటలో శింగ్ అంటే నడక. ఇవి పదార్థాల కంటే దశలు. చెట్టు మంటని పుట్టిస్తుంది, మంట బూడిదై మట్టిలో కలుస్తుంది, మట్టిలో లోహం దొరుకుతుంది. ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. నీరు మంటని ఆర్పినట్టు ఒకదాన్నొకటి అదుపులోనూ పెడతాయి. కాలేయాన్ని చెట్టుకీ, గుండెని మంటకీ, ప్లీహాన్ని మట్టికీ, ఊపిరితిత్తుల్ని లోహానికీ, మూత్రపిండాల్ని నీటికీ జతచేశారు. నా దృష్టిలో ఈ మొత్తం కట్టడంలో బలహీనమైన గోడ ఇదే. ఏ లక్షణాన్నయినా ఏదో ఒక గదిలో పెట్టగలిగే పట్టిక ఎప్పుడూ తప్పని తేలదు, అందుకే దాన్ని పరీక్షించడమూ సాధ్యం కాదు.

ఇక్కడే రోగులు ఎక్కువగా పొరపాటు పడతారు. "మీ ప్లీహం బలహీనంగా ఉంది" అని చైనా వైద్యుడు అంటే స్కానింగ్‌కి పరిగెత్తాల్సిన పని లేదు. మన డాక్టర్లు చెప్పే ప్లీహం రక్తాన్ని వడకట్టే అవయవం. ఆయన చెప్పే ప్లీహం తిన్నది అరిగించి ఒంటికి పంచే పని. ఆకలి లేకపోవడం, కడుపుబ్బరం, పల్చటి విరేచనాలు, నీరసం అన్నీ కలిపి ఆయన ఆ మాటతో చెబుతున్నాడు. పేరు ఒకటే, మాట్లాడేది రెండు విషయాల గురించి.

మూడు వేళ్ల కింద

రోగిని చూడటానికి నాలుగు పద్ధతులు. చూడటం, వినడం, అడగడం, ముట్టుకోవడం. రెండో దానికి వాడే "వెన్" అనే మాటకి వినడమనీ, వాసన చూడటమనీ రెండర్థాలున్నాయి. దగ్గు శబ్దమూ నోటి వాసనా రెండూ అందులోకే వస్తాయి. చూడటంలో నాలుకది పెద్ద పాత్ర. నాలుక లేతగా ఉందా ఎర్రగా ఉందా, అంచుల్లో పళ్ల గుర్తులు పడ్డాయా, మీద పూత తెల్లగా ఉందా పచ్చగా ఉందా, పల్చనా మందమా అని చూస్తారు.

నాడి చూసే తీరు వివరంగా చెప్పుకోవాలి. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మూడు వేళ్లు వరసగా ఆనించి, ముందు తేలిగ్గా, తర్వాత కాస్త నొక్కి, ఆ తర్వాత ఎముక తగిలేదాకా నొక్కి చూస్తారు. ఎడమ చేతి మూడు చోట్లు గుండె, కాలేయం, మూత్రపిండాలవి. కుడి చేతివి ఊపిరితిత్తులు, ప్లీహం, మళ్లీ మూత్రపిండాలు. తర్వాతి కాలపు పుస్తకాల్లో 28 రకాల నాడులు స్థిరపడ్డాయి. పళ్లెంలో ముత్యాలు దొర్లుతున్నట్టు వేలికింద జారిపోయేది ఒక రకం, గర్భిణుల్లో అది మామూలే అంటారు. బిగించిన తీగ మీద వేలు పెట్టినట్టు గట్టిగా తగిలేది ఇంకోటి.

అనుభవమున్న చేతికి నాడి వేగం, బలం, లయ తెలుస్తాయి, అందులో అనుమానం లేదు. కానీ ఒకే రోగి చేతిని ఇద్దరు వైద్యులు విడివిడిగా చూస్తే వాళ్ల మాటలు ఎంతవరకు కలుస్తాయని పరిశోధించినప్పుడు తరచూ ఆ పొంతన తక్కువగానే తేలింది. నాడి ఒక్కటే చూసి, ఏమీ అడగకుండా రోగమంతా చెప్పేస్తామనేవాళ్లు ఎక్కడున్నా, చైనాలో అయినా మన ఊళ్లో అయినా, వాళ్లకి దూరంగా ఉండండి. నాలుగు పద్ధతులూ కలిపి చూడాలని ఆ సంప్రదాయమే చెబుతోంది.

చెమట పట్టిందా లేదా

ఈ వైద్యంలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించేది మందులు నిర్ణయించే పద్ధతి. దానికి మూలపురుషుడు జాంగ్ జోంగ్‌జింగ్. సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో, హాన్ రాజ్యం కూలిపోతున్న కాలంలో ఉన్నాడు. తన వంశంలో రెండు వందల మందికి పైగా ఉండేవారనీ, పదేళ్లు తిరక్కుండానే మూడింట రెండొంతుల మంది చనిపోయారనీ, అందులో పదింట ఏడుగురిని జ్వరాలే తీసుకెళ్లాయనీ తన పుస్తకం ముందుమాటలో రాసుకున్నాడు. ఆ దుఃఖంలోంచే జ్వరాల వైద్యం పుస్తకం పుట్టింది.

అందులోని రెండు మందుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే పద్ధతి అర్థమవుతుంది. ఇద్దరికి జ్వరం వచ్చిందనుకోండి. ఇద్దరికీ చలి, తలనొప్పి, నాడి పైపైనే తగులుతోంది. మొదటివాడికి చెమట పడుతోంది. రెండోవాడికి ఒళ్లంతా నొప్పులు, ఆయాసం, కానీ చుక్క చెమట లేదు. జాంగ్ లెక్కలో వీళ్లిద్దరిదీ ఒకే రోగం కాదు. చెమట పట్టినవాడికి "గ్వే జీ" కషాయం: దాల్చిన రెమ్మలు, పియోనీ అనే పూలమొక్క వేరు, అల్లం, అతిమధురం, ఎండబెట్టిన పెద్ద రేగుపళ్లు పన్నెండు. చెమట పట్టనివాడికి "మా హ్వాంగ్" కషాయం: ఎఫెడ్రా అనే పొద కాడలు, దాల్చిన రెమ్మలు, ఆప్రికాట్ గింజలు, అతిమధురం.

మొదటి కషాయం తాగించే తీరు చదివితే మన ఇంట్లో జ్వరమొచ్చిన రోజే గుర్తొస్తుంది. మందు తాగిన కాసేపటికి వేడి పల్చటి గంజి తాగాలి. దుప్పటి కప్పుకుని పడుకోవాలి. ఒళ్లంతా సన్నగా చెమ్మగిల్లాలి కానీ నీళ్లు కారినట్టు చెమట పోయకూడదు. పచ్చివీ, చల్లవీ, జిగటవీ, మాంసం, మద్యం, పాల పదార్థాలు ముట్టకూడదు. పథ్యమన్న మాట ఒక్కటే తక్కువ. రెండో కషాయానికి మాత్రం గంజి అక్కర్లేదని ప్రత్యేకంగా రాశాడు. ఎందుకంటే ఎఫెడ్రా సొంతంగానే చెమట పట్టించగలదు.

పైకి ఒకేలా కనిపించే రోగానికి వేరు మందులు, వేరుగా కనిపించే రోగాలకి ఒకే మందు అనే సూత్రం ఇలాంటి చోటే అర్థమవుతుంది. ఒక్కో కషాయంలో మందులకి పదవులు కూడా ఇచ్చారు: రాజు, మంత్రి, సహాయకుడు, దూత. రెండో కషాయంలో ఎఫెడ్రా రాజు, దాల్చిన రెమ్మలు మంత్రి. అతిమధురం చాలా కషాయాల్లో ఉంటుంది, అన్నిటినీ సర్దుబాటు చేసే పెద్దమనిషిలాగా.

ఇలాంటి చీటీ పట్టుకుని మందుల కొట్టుకి వెళ్తే కౌంటర్ వెనక గోడ నిండా చిన్న చిన్న చెక్క సొరుగులు కనిపిస్తాయి. ఆ బీరువాని వంద సొరుగుల బీరువా అంటారు. కౌంటర్ మీద ఎన్ని రోజుల మందో అన్ని కాగితాలు పరిచి, ఒక్కో సొరుగు లాగి, చేతి తక్కెడతో తూచి, కాగితాల మీద సమానంగా పోసుకుంటూ వస్తారు. ఇంటికి తెచ్చి మట్టికుండలో నానబెట్టి, రెండుసార్లు కాచి, రెండూ కలిపి తాగాలి. కొత్త తరంలో వేడినీళ్లలో కలుపుకునే పొడులు వాడేవాళ్లూ ఉన్నారు. ఆ సొరుగుల్లో మనకి తెలిసిన సరుకూ దొరుకుతుంది. శొంఠి, పసుపు, అతిమధురంతోపాటు కరక్కాయ కూడా. మన హరీతకి అనే మాటే చైనా పాత పుస్తకాల్లో "హ లీ ల" అయింది.

ఎఫెడ్రా కథ ఇంకొంచెం ఉంది. 1885లో నాగాయ్ నాగయోషి అనే జపాన్ శాస్త్రవేత్త అందులోంచి ఎఫెడ్రిన్‌ని విడదీశాడు. తర్వాత అది ఉబ్బసానికి మందయింది. దాని దగ్గరి బంధువు సూడోఎఫెడ్రిన్ ఇప్పటికీ ముక్కుదిబ్బడ మాత్రల్లో ఉంది. కానీ అదే ఎఫెడ్రాని బరువు తగ్గించే మాత్రల్లో కలిపి అమ్మినప్పుడు గుండెకీ బీపీకీ ప్రమాదమని 2004లో అమెరికా నిషేధించింది. జాంగ్ దాన్ని ఇచ్చింది చెమట పట్టని జ్వరానికి. మందు మారలేదు, వాడే సందర్భం పూర్తిగా తప్పింది.

సూది సంగతి

బయటి ప్రపంచానికి చైనా వైద్యమంటే ముందు ఆక్యుపంక్చరే గుర్తొస్తుంది. 1973లో చాంగ్షా నగరం దగ్గర మావాంగ్‌డుయ్‌లో, క్రీ.పూ. 168లో మూసిన ఒక సమాధిలో పట్టుబట్ట మీద రాసిన వైద్య గ్రంథాలు దొరికాయి. వాటిలో ఒంట్లో పారే పదకొండు నాళాల వర్ణన ఉంది, వాటిమీద మూలిక కాల్చి కాపడం పెట్టే పద్ధతి ఉంది. సూదులు గుచ్చే వైద్యం మాత్రం లేదు. నాళాలు పన్నెండయ్యి, సూదుల వైద్యం వివరంగా కనిపించేది ఆ తర్వాత కూర్చిన "హ్వాంగ్‌దీ నెయ్‌జింగ్"లో. పసుపు చక్రవర్తి అడుగుతుంటే వైద్యుడు చి బో జవాబులు చెబుతున్నట్టు సాగే గ్రంథమది. అంటే ఆక్యుపంక్చర్ ఒక్కరోజులో ఎవరో కనిపెట్టింది కాదు, అంచెలంచెలుగా పెరిగింది.

కాపడం పెట్టే ఆ మూలిక మనకి కొత్తది కాదు. వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రుల్లో మొదట సమర్పించే మాచిపత్రి గుర్తుంది కదా, అదే జాతి మొక్క. ఎండిన ఆకుని దూదిలా నలిపి, చుట్టగా చుట్టి, కొన వెలిగించి చర్మానికి కాస్త ఎడంగా పట్టుకుంటారు.

సూది గుచ్చే చోట్లని బిందువులంటారు. ఇప్పుడు ప్రామాణికంగా లెక్కించేవి 361. పేర్లు ముచ్చటగా ఉంటాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో ఉన్నది "కలిసిన లోయ". వెంట్రుకంత సన్నటి సూది అక్కడ దిగినప్పుడు ఇంజెక్షన్ లాంటి నొప్పి ఉండదు. లోపల బరువుగా, లాగినట్టు, తిమ్మిరిగా అనిపిస్తుంది. "చి అందింది" అని వైద్యుడు తృప్తిపడేది ఆ క్షణంలోనే.

పనిచేస్తుందా అన్న ప్రశ్నకి జర్మనీలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం మంచి జవాబిచ్చింది. 2007లో ఫలితాలు వచ్చాయి. చాలాకాలంగా నడుంనొప్పితో బాధపడుతున్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి అసలు ఆక్యుపంక్చర్. ఇంకో గుంపుకి బిందువులు కాని చోట పైపైన గుచ్చిన ఉత్తుత్తి సూదులు. మూడో గుంపుకి మామూలు మందులు, వ్యాయామం. ఆరు నెలల తర్వాత అసలు సూదుల వాళ్లలో 47.6 శాతం మందికి నయమనిపించింది. ఉత్తుత్తి సూదుల వాళ్లలో 44.2 శాతం. మామూలు వైద్యంలో 27.4 శాతం. ఈ అంకెల్ని ఎవరికి కావలసినట్టు వాళ్లు చదువుకుంటారు. నాకు అర్థమైనది ఇది: సూదుల వైద్యానికి వెళ్లినవాళ్లకి ఉపశమనం దొరికింది, అది అబద్ధం కాదు. కానీ ఫలానా బిందువులోనే గుచ్చాలన్న పటానికి ఈ ఫలితం బలమివ్వలేదు. వైద్యుడు కేటాయించిన సమయం, స్పర్శ, నమ్మకం, సూదిపోటుకి నరాలు స్పందించే తీరు, వీటన్నిటికీ అందులో వాటా ఉంది.

మన దేశానికి ఈ విద్య తెచ్చినవారిలో ముందు చెప్పుకోవాల్సింది డాక్టర్ బిజయ్ కుమార్ బసు. 1938లో డాక్టర్ కోట్నీస్‌తో కలిసి చైనా వెళ్లిన ఐదుగురు భారతీయ డాక్టర్లలో ఆయనొకరు. 1950ల చివర్లో మళ్లీ వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి కలకత్తాలో వైద్యం చేశారు.

ఐదు వేల ఏళ్లుగా చెక్కుచెదరకుండా వస్తున్న వైద్యమని ప్రచారం చేస్తారు కానీ చరిత్ర అలా లేదు. 1822లో చింగ్ చక్రవర్తే రాజవైద్యశాలలోని సూదుల విభాగాన్ని ఎత్తేయించాడు. 1929లో ప్రభుత్వ ఆరోగ్య సంఘం పాత వైద్యాన్ని రద్దు చేయాలని తీర్మానిస్తే దేశం నలుమూలల నుంచి వైద్యులు షాంఘైలో చేరి అడ్డుకున్నారు. 1950లలో డాక్టర్ల కొరత తీవ్రంగా ఉన్నప్పుడు కమ్యూనిస్టు ప్రభుత్వం గురుకులాల్లో చెల్లాచెదురుగా ఉన్న విద్యల్ని ఒక్క సిలబస్‌గా కూర్చింది. 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్జౌ, చెంగ్డూలలో కాలేజీలు పెట్టింది. ఇవాళ ఎంబీబీఎస్ కోసం చైనా వెళ్తున్న మన పిల్లలు ఒక సబ్జెక్టుగా చదివేది ఆ కూర్పునే.

పిండిన రసం

1967 మే 23న చైనా ఒక రహస్య పథకం మొదలుపెట్టింది. ఆ తేదీ మీదే దాన్ని పథకం 523 అన్నారు. వియత్నాం అడవుల్లో పాత మందులకి లొంగని మలేరియా సైనికుల్ని చంపుతోంది. 1969లో పరిశోధన బాధ్యత తు యూయూ అనే మహిళకి అప్పగించారు. ఆధునిక ఔషధశాస్త్రం చదివి, తర్వాత రెండున్నరేళ్లు సంప్రదాయ వైద్యంలో శిక్షణ తీసుకున్న మనిషి ఆమె. పాత పుస్తకాలు తిరగేసి వందల మూలికల సారాలు తీసి ఎలుకల మీద పరీక్షించారు. చింగ్ హావ్ అనే మొక్క ఒకసారి బాగా పనిచేసింది, మళ్లీ చేస్తే ఫలితం పడిపోయింది.

ఆమె మళ్లీ పుస్తకాల్లోకి వెళ్లారు. నాలుగో శతాబ్దపు గ హోంగ్ రాసిన అత్యవసర వైద్యం పుస్తకంలో ఒక్క వాక్యం ఆమెని ఆపింది: ఒక గుప్పెడు చింగ్ హావ్ తీసుకుని, నీళ్లలో నానబెట్టి, రసం పిండి, అంతా తాగాలి. కాచమని లేదు. కాస్తే అందులో అసలు గుణం పోతోందేమోనని ఆమెకి తట్టింది. తక్కువ వేడి దగ్గరే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబర్ 4న 191వ నమూనా ఎలుకల్లో మలేరియా క్రిముల్ని నూటికి నూరుపాళ్లు అణిచింది. మనుషుల మీద వాడే ముందు ఆమే, ఇద్దరు సహోద్యోగులూ ఆసుపత్రిలో చేరి ఆ మందు తీసుకున్నారు. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ మొక్క కూడా మాచిపత్రి కుటుంబానిదే. దానిలోంచి వచ్చిన ఆర్టెమిసినిన్, దానితో చేసిన ఆర్టిసునేట్ లాంటి మందులే ఇవాళ ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియాకి ముఖ్యమైన వైద్యం. పాడేరు, అరకు ఏజెన్సీ గ్రామాల్లో మలేరియా పరీక్షలో ఫాల్సిపారం తేలిన పిల్లాడికి ఇచ్చే చికిత్సలో ఉండేది ఈ మందే.

ఇందులో ఏది ఎవరి ఘనత? గ హోంగ్ అనుభవం లేకపోతే ఆ దారి దొరికేది కాదు. యిన్ యాంగ్ సిద్ధాంతం మాత్రం ఆ దారి చూపించలేదు. ఎలుకల మీద పరీక్ష, ఈథర్, కొలత లేకపోతే ఆ వాక్యం పుస్తకంలోనే ఉండిపోయేది. అలాగని ఆ ఆకుతో టీ కాచుకుని తాగితే మలేరియా పోదు. టీలో మందు మోతాదు నిలకడగా ఉండదు, దానివల్ల క్రిమి మొండికేసే ప్రమాదముందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటోంది. ఈశాన్య చైనాలోని హార్బిన్‌లో 1970లలో ఒక నాటువైద్యం మందుని ఇలాగే వడకట్టి, చివరికి అందులో పనిచేసేది పాషాణమని, అంటే ఆర్సెనిక్ అని తేల్చారు. ఒక రకం రక్త క్యాన్సర్‌కి ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ ఇప్పుడు ప్రపంచమంతా వాడే మందు.

పేరు ఒకటే అయితే

1990ల మొదట్లో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి మాత్రలు వాడిన యువతులకి ఉన్నట్టుండి కిడ్నీలు పాడైపోయాయి. బాధితుల సంఖ్య వంద దాటింది. చాలామందికి డయాలసిస్, కిడ్నీ మార్పిడి తప్పలేదు. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. విచారిస్తే తేలిందేమిటంటే, మాత్రల్లో "హాన్ ఫాంగ్ జీ" అనే మూలిక ఉండాల్సింది, "గ్వాంగ్ ఫాంగ్ జీ" వచ్చి చేరింది. పేరులో ఒక్క మాట తేడా. మొక్కలు మాత్రం రెండూ వేరు కుటుంబాలవి. రెండోదానిలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది క్యాన్సర్ కారకమని ఇప్పుడు నిర్ధారణ అయింది.

ఈ విషయం మనకి ఎందుకు ముఖ్యమంటే, అరిస్టోలోకియా జాతి మొక్కలు మన చేలగట్ల మీదా ఉన్నాయి. పాముకాటుకని పేరుపడ్డ ఈశ్వరి వేరు, పురుగులకీ చర్మవ్యాధులకీ పల్లెల్లో వాడే గాడిదగడపాకు ఆ జాతివే. ఒకటి రెండుసార్లు వాడగానే ఏమీ కనిపించదు. కిడ్నీ దెబ్బ నెమ్మదిగా, నొప్పి లేకుండా పడుతుంది. అందుకే చైనా నుంచి ఎవరో తెచ్చిన ప్యాకెట్ అయినా, సంతలో కొన్న వేరు ముక్క అయినా, లోపలికి తీసుకుంటుంటే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి. వీలైతే ఆ ప్యాకెట్టో ఆ వేరో చేత్తో పట్టుకెళ్లి చూపించండి. ఇంట్లో షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్లు ఇలాంటివి వాడుతుంటే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి.